టోకియోలో స్వంత పుస్తకముల తిరునాళ్ళు

2024వ సంవత్సరము డిసెంబరు నెలలో మా వారితో గూడ మేము జపాను దేశమునకు పోయితిమి. మా అక్కయ్య కుమార్తె టోకియో నగరమున ఒక కంప్యూటరు కంపెనీలో ఉద్యోగము చేయుచున్నది. అమ్మాయిని చూచుట, దేశమును చూచుట యను రెండు పనులతో బాటు మాకు మూడవ పనియు నొకటి అప్పగింపబడెను. మేము బయలుదేఱుటకు ముందటి దినమున అక్కయ్య మమ్ము ప్రక్కకు బిలిచి యిట్లనెను: "దానికి జీతము బాగుగనే వచ్చును గాని చేతిలో నిలువదు. రాత్రులు నిద్ర మాని బొమ్మలు వేయుచున్నదట. ఆ బొమ్మలను తన డబ్బుతో అచ్చువేయించి బల్లమీద పెట్టుకొని అమ్ముచున్నదట. ముప్పది యేండ్లు వచ్చినవి. నా మాట వినదు. పిన్ని మాట వినును. ఈ పిచ్చి మానుమని నీవు చెప్పవలెను."

చెప్పెదమని మాట యిచ్చితిమి. ఆ మాటను మేమెట్లు నిలుపుకొంటిమో సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్యాసము.

అమ్మాయి నివాసము నిషి-కసాయ్ అను పేటలో. ఆ పేటయందు భారతీయులు హెచ్చుగా నుందురు. కందిపప్పు, చింతపండు, కరివేపాకు దొరకు దుకాణములు కలవు. మేము చేరిన రాత్రి భోజనములైన తరువాత ఆమె మాకు పడకలు వేసి, తాను మాత్రము దీపము ముందు కూర్చుండి చిన్న చిన్న కాగితపు చీటీలపై ధర వ్రాయుచుండెను. సమయము దొరకినదని తలచి మేము మాట మొదలు పెట్టితిమి. అమ్మాయి కోపగింపలేదు. "పిన్నీ, ఎల్లుండి మీరిద్దఱును నాతో రండు. చూచిన పిమ్మట మానుమన్నచో ఆలోచింతును" అనెను. ఇది న్యాయమైన మాటగా తోచెను.

ఆ రాత్రియే ఆమె మాకు మొదటి పాఠము చెప్పినది. జపాను భాషలో 'దోజిన్' యనగా ఒకే అభిరుచి గలవారు. 'షి' యనగా పత్రిక. ప్రచురణకర్తల ప్రమేయము లేకుండ, అభిరుచి కలిసినవారు తమ డబ్బుతో తాము అచ్చువేసికొను పుస్తకమునకు 'దోజిన్‌షి' యని పేరు. నేడు ఈ పేరు వినగానే జనులకు చిత్రకథలు, అనగా వారు 'మాంగా' యనునవి, స్ఫురించును గాని, మాట పుట్టినది సాహిత్యమునందు. 1885లో ఒజాకి కోయో మొదలగు యువకులు కెన్యూషా యను గోష్ఠి నేర్పఱచుకొని 'గరకుత బుంకో' యను పత్రికను నడపిరి. మొదట అది అచ్చుపత్రిక గాదు. చేతితో వ్రాసి ఒకరినుండి యొకరికి పంపుకొను పత్రిక. మన గ్రంథాలయములందును పాఠశాలలందును లిఖితపత్రికలు నడపిన పెద్దల నెఱిగినవారికి ఇది వింతగా దోపదు.

స్త్రీలును వెనుకబడలేదు. 1911లో హిరత్సుక రైచో యను యువతి కొందఱు స్నేహితురాండ్రతో గలిసి 'సెయితో' యను పత్రికను స్థాపించెను. వ్రాయువారును నడపువారును స్త్రీలే. తొలి సంచికకు ప్రఖ్యాత కవయిత్రి యొసానో అకికో గీతము వ్రాసి యిచ్చెను. ముఖచిత్రమును నగనుమ చియెకో చిత్రించెను. వివాహమును గుఱించి, స్త్రీ స్వంత జీవనమును గుఱించి అందు వచ్చిన వ్రాతలకు అలజడి కలిగి, కొన్ని సంచికలను ప్రభుత్వము నిషేధించెను. 1916లో ఆ పత్రిక నిలిచిపోయినను దాని పేరు నిలిచినది. ఆ పత్రిక తొలి ఖర్చునకు రైచో తల్లి, కుమార్తె పెండ్లికని దాచిన సొమ్ము తీసి యిచ్చినదట. "ఈ సంగతి మా అమ్మతో తప్పక చెప్పవలెను, పిన్నీ" అని నవ్వుచు అమ్మాయి దీపము ఆర్పెను.

డిసెంబరు 29వ తేదీ ఆదివారము. తెల్లవాఱక మునుపే లేచి, ఇడ్లీలు కట్టుకొని బయలుదేఱితిమి. షిన్-కిబా చేరి అచ్చట రిన్‌కాయ్ రైలెక్కితిమి. రెండవ స్టేషను కొకుసాయ్-తెన్‌జిజో. అనగా అంతర్జాతీయ ప్రదర్శనశాల. ఆ స్టేషనులో దిగిన జనమును చూడగా మాకు గోదావరి పుష్కరములు జ్ఞప్తికి వచ్చెను. అయితే ఒక భేదము: త్రోపులాట లేదు, కేకలు లేవు. ఇంకను బల్లలు తెఱవక ముందే వేలకొలది జనులు వరుసలు వరుసలుగా ఆరుబయట చలిలో కూర్చుండిరి. కొందఱు పుస్తకము చదువుకొనుచుండిరి. కొందఱు ఊలు టోపీలు చెవులమీదికి లాగుకొని కునుకుచుండిరి.

టోకియో సముద్రతీరమున మట్టి పోసి నిర్మించిన నేలపై నున్న ఈ ప్రదర్శనశాలకు 'బిగ్ సైట్' అని వాడుక. 1996లో తెఱువబడినది. నాలుగు పిరమిడులను తలక్రిందులుగా స్తంభములపై నిలిపినట్లుండు గోపురము దూరమునుండియే కానవచ్చును. సమీపమున నేలలో దిగిన రంపమొకటి, ఎఱ్ఱని పిడితో, ఇంటికంటె ఎత్తుగా నిలిచియున్నది. క్లేస్ ఓల్డెన్‌బర్గ్, కోష వాన్ బ్రుగ్గెన్ అను దంపతులు నిర్మించిన శిల్పమది. మా వారు దానిని చూచి, వడ్రంగి మఱచిపోయి వెళ్ళినాడేమో యనిరి.

బల్ల పెట్టుకొనువారిని అచ్చట 'సర్కిల్' అందురు. ఒక్కరైనను సర్కిలే. ఒక్కొక్క సర్కిలునకు మూడు ప్రవేశపత్రము లిత్తురు. ఆ మూడింటిలో రెంటితో మేము వరుసలో నిలువకయే లోపల బ్రవేశించితిమి. లోపల ఎంత చూపు పోయిన నంతవఱకు బల్లలు. ఒక్కొక్క సర్కిలునకు పొడవాటి బల్లలో సగము, రెండు కుర్చీలు, అంతియే. ఈ సగము బల్లకొఱకు నెలలకు ముందు దరఖాస్తు పెట్టవలెను. పెట్టినవారు హెచ్చుగుటచే చీట్లు వేసి తీయుదురు. అమ్మాయికి అంతకుముందు రెండుసారులు చీటి రాలేదట.

బల్లక్రింద అట్టపెట్టె యొకటి అప్పటికే సిద్ధముగా నుండెను. ముద్రణశాలవారు నేరుగా అచ్చటికే తెచ్చి యుంచిరి. ఇట్టి చిన్న పుస్తకములనే ముద్రించి జీవించు ముద్రణశాలలు ఆ దేశమున పెక్కు కలవు. ముందుగా వ్రాతప్రతి యిచ్చినవారికి తగ్గింపుధర. ఆలస్యము చేసినవారికి అదనపు ధర. ఆలస్యమై ముద్రణశాలకు అందింపలేనివారు రాత్రికి రాత్రి ఫొటోకాపీలు తీసి, మడిచి, నడుమ పిన్నులు కొట్టి తెత్తురు. దానిని 'కాపీ పుస్తకము' అందురు. అట్టివానిని చిన్నచూపు చూచువారు లేరు.

అమ్మాయి బల్లపై రంగుగుడ్డ పఱచి, 100 యెన్ల, 500 యెన్ల నాణెములను చిల్లరడబ్బాలో సర్దుచుండగా, నిర్వాహకులలో నొక యువకుడు వచ్చి తలవంచి నమస్కరించెను. ప్రతి క్రొత్త పుస్తకపు ప్రతి యొకటి వారికి నమూనాగా నీయవలెను. అతడు పుటలు త్రిప్పి, కడపటి పుటలో ప్రచురించినవారి పేరు, ముద్రణశాల పేరు, తేదీ ఉన్నవో లేవో చూచి, కృతజ్ఞత చెప్పి పోయెను. అతనికి జీతము లేదు. ఈ నిర్వాహకులందఱును స్వచ్ఛందసేవకులే.

పది గంటలు దాటిన పిమ్మట పైనుండి ప్రకటన వినబడెను. ఆ క్షణమున బల్లల వెనుకనున్న వేలమంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టిరి. ఎవరిని జూచి కొట్టుచున్నారని మేము చుట్టును చూచితిమి. వేదిక లేదు, ప్రముఖుడు లేడు, రిబ్బను కత్తిరించుట లేదు. "ఒకరికొకరము కొట్టుకొనుచున్నాము. ఇచ్చట గిరాకీలు లేరు, పిన్నీ. పుస్తకము వేసినవారు, చదువ వచ్చినవారు, నిర్వాహకులు, అందఱును పాల్గొనువారే. 'కొనువారు' అను మాటనే వాడరు" అని అమ్మాయి చెప్పెను.

దీనికి 'కామిక్ మార్కెట్టు' అని పేరు. ముద్దుగా 'కొమికె' అందురు. మొదటిది 1975 డిసెంబరు 21వ తేదీన టోకియోలోని తొరనొమొను పేటలో, అగ్నిమాపక సంఘభవనపు సమావేశపు గదిలో జరిగినది. 'మెయిక్యూ' యను విమర్శకబృందమునకు జెందిన యొనెజావ యొషిహిరో, హరద తెరువో, అనివ జున్ మున్నగు యువకులు దానిని నడపిరి. నాడు పాల్గొన్న సర్కిళ్ళు 32. వచ్చినవారు సుమారు 700 మంది. ఆ 700 మందిలో నూటికి తొంబదివంతులు పాఠశాలలలో చదువుకొను బాలికలు! హగియో మోతో మొదలగు స్త్రీ చిత్రకథకులు ఆ దినములలో బాలికల పత్రికలకు క్రొత్త కథలు వ్రాయుచుండిరి. ఆ కథలను చదివి నిద్ర పట్టని పిల్లలు, తమవలె నిద్ర పట్టనివారిని వెదకికొనుచు అచ్చటికి వచ్చిరి. యొనెజావగారు 1980 నుండి 2006లో మరణించువఱకు దీనికి పెద్దగా నుండి నడపిరి. ఆయన సేకరించిన పుస్తకములతో మెయిజి విశ్వవిద్యాలయమువారు 2009లో ఆయన పేర గ్రంథాలయము తెఱచిరి.

నాటి 700 మంది నేడెంతయైరన: 2019 డిసెంబరులో నాలుగు దినములకు ఇంచుమించు 7,50,000 మంది వచ్చిరి. 2020లో అంటువ్యాధిచే సభ ఆగిపోయెను. 2021 డిసెంబరులో మరల పరిమితసంఖ్యతో మొదలయ్యెను. మేము చూచిన 2024 డిసెంబరు సభకు రెండు దినములలో సుమారు 3,00,000 మంది వచ్చిరి. ఏటికి రెండు సారులు, ఆగష్టులో నొకసారి, సంవత్సరాంతమున నొకసారి ఇది జరుగును.

అమ్మాయి బల్ల వద్ద నుండగా, మేము చేతిలో పటము పట్టుకొని తిరుగ బయలుదేఱితిమి. బల్లలను చతురస్రములుగా గూర్చి యుంతురు. ఒక్కొక్క గుంపును 'దీవి' యందురు. ఒకే కథను ప్రేమించువారు ఒకే దీవిలో నుందురు. మిక్కిలి పేరుపొందిన సర్కిళ్ళను గోడల వెంట నుంతురు, వారి ముందు వరుసలు పెరిగినను దారి మూసికొనిపోకుండ. వరుసలో కడపటివాడు 'ఇది వరుస చివర' అని వ్రాసిన అట్టను ఎత్తి పట్టుకొనవలెను. తన వెనుక నొకరు రాగానే అట్టను వారి చేతికిచ్చును. ఈ చిన్న యేర్పాటును మన సినిమాటిక్కెట్ల కిటికీల వద్ద ఎవరైన ప్రవేశపెట్టిన బాగుండునని అనుకొంటిమి.

ఈ పుస్తకముల జాతులు చాల. అందు ముఖ్యమైనది, లోకమునకు తెలిసినది, అనుసరణకథ. ఒక ప్రసిద్ధ చిత్రకథలోని పాత్రలను తీసికొని, మూలకర్త వ్రాయని సంగతిని పాఠకురాలు వ్రాయును. కథ ముగిసిన పిమ్మట వారేమైరి? యుద్ధమునకు పోయినవాని చెల్లెలు ఆ రాత్రి ఏమి చేసెను? ప్రతినాయకుడు చిన్ననాట ఎట్టివాడు? కొన్ని నవ్వించునవి, కొన్ని కన్నీరు పెట్టించునవి. ఈ బుద్ధి మనకు పరాయిది గాదు. వాల్మీకి చెప్పక విడిచిన ఊర్మిళ సంగతిని 'ఊర్మిళాదేవి నిద్ర' యను పాటగా మన పెద్దమ్మలు పాడుకొనలేదా? మూలమున తమకు చాలనిచోట తామే నిలిచి కథ అల్లిన స్త్రీలు వారును వీరును.

ఈ అనుసరణకథలలో ఒక పెద్ద శాఖ కలదు. ఇద్దఱు పురుషుల నడుమ ప్రేమను స్త్రీలు, స్త్రీల కొఱకు వ్రాయుట. దీనికి 'యావొయి' యను పేరు 1979లో సకత యసుకో, హత్సు అకికో మొదలగు స్త్రీల దోజిన్‌షి వలన వ్యాపించినది. 'కొండ లేదు, ముగింపు లేదు, అర్థము లేదు' అను జపాను మాటల మొదటి అక్షరములు గూర్చిన పేరది. అనగా కథలో ఎక్కుట దిగుట లేదు, అంతయు భావమే యని తమ్ము దాము వేళాకోళము చేసికొనుట. 1980 తరువాత కొన్ని యేండ్లకు, ఫుట్‌బాల్ ఆడు బాలుర కథయగు 'క్యాప్టెన్ త్సుబాస'ను జదివిన యువతులు ఇట్టి పుస్తకములను కుప్పలు తెప్పలుగా వేసిరి. స్త్రీలు వీనినేల వ్రాయుదురని మేమడుగగా, ఒక బల్లవద్దనున్న యువతి కొంత ఇంగ్లీషులో ఇట్లు చెప్పెను: "మేము చదివిన కథలలో ఆడపిల్ల ఎప్పుడును ఎదురుచూచుచు నుండును. ఇద్దఱు సమానులు ప్రేమించుకొన్న కథ మాకు కావలసెను." మొదట సంకోచించిన మేము ఆ మాట విని ఊరకుంటిమి. ఇద్దఱు స్త్రీల నడుమ ప్రేమను చెప్పు కథలకు 'యురి', అనగా లిల్లీపూవు, అని పేరు. పెద్దలు మాత్రమే చదువదగిన పుస్తకములును ఈ సభలో చాల గలవు. వానిపై గుర్తు వేయవలెను. వయస్సు చాలనివారికి ఈయరాదు.

పరుల పాత్రలను తీసికొనుట తప్పు గాదా యని సోదరీమణులు అడుగవచ్చును. ఆ దేశపు చట్టప్రకారము మూలకర్త ఫిర్యాదు చేసినగాని దీనిపై నేరవిచారణ జరుగదు. 2018 చివర చట్టము మాఱి, కొన్ని తరగతుల దొంగముద్రణలకు ఫిర్యాదు లేకయే విచారణ చేయవచ్చునని వచ్చినను, ఇట్టి అనుసరణలను దాని వెలుపలనే యుంచిరి. 2013లో అకమత్సు కెన్ అను చిత్రకథకుని పూనికతో, 'నా కథపై దోజిన్‌షి వేసికొనవచ్చును' అని మూలకర్త తెలుపుటకు ఒక గుర్తును గూడ కల్పించిరి. మూలకర్తలు పలువురు చూచియు చూడనట్లుందురు. వారిలో చాలమంది ఈ బల్లల వెనుకనుండి లేచి పోయినవారే. 'క్లాంప్' అను పేరుతో ప్రసిద్ధినొందిన నలుగురు స్త్రీలు ఇట్టి సర్కిలుగా మొదలై, 1989లో 'ఆర్జీ వేద' యను కథతో వృత్తిలో బ్రవేశించిరి; ఆ పేరు మన ఋగ్వేదమునుండి వచ్చినదే. యొషినగ ఫుమి యను ఆమెయు తొలుత దోజిన్‌షి వేసినదే. షోగను అంతఃపురమున స్త్రీపురుషుల స్థానములు తాఱుమాఱైనచో నెట్లుండునో చెప్పు ఆమె కథ 'ఓఒకు'నకు 2009లో తెజుక ఒసాము సాంస్కృతిక బహుమానము లభించెను.

అనుసరణకథల దీవులు దాటగా స్వంతకథల దీవులు వచ్చెను. స్వంతకథలకు మాత్రమే 'కొమితియ' యను వేఱొక సభ 1984 నుండి టోకియోలో జరుగుచున్నది. ఆ తరువాత వచ్చినది మా వారికి స్వర్గము. ఆయన రైల్వే ఉద్యోగము చేసి విశ్రాంతి గొన్నవారు. రైళ్ళ దీవిలో మూసివేసిన మార్గములను గూర్చి, కొండలలోని నిర్జనమైన స్టేషన్లను గూర్చి, పాత కాలపట్టికలను గూర్చి స్వయముగా కొలిచి, బొమ్మలు వేసి అచ్చొత్తించిన పుస్తకములుండెను. భాష రాకున్నను ఆయన ఒక్కొక్క బల్లవద్ద నిలిచి సిగ్నళ్ళను చేతితో చూపుచు మాటలాడుచుండిరి. ఆయనను అచ్చటనే విడిచి మేము ముందుకు సాగితిమి. ప్రయాణములు, కోటలు, వంటలు, పిల్లుల పెంపకము, దినచర్యను చిత్రకథగా చెప్పు అనుభవకథలు, విశ్వవిద్యాలయ విద్యార్థుల సంచికలు, చేతితో చేసిన నగలు, స్వరపఱచిన పాటల పలకలు గూడ నుండెను. మనుష్యునకు దేనిపై ప్రేమ కలుగునో దానికెల్ల ఒక సగము బల్ల ఉన్నది.

మధ్యాహ్నమునకు కాళ్ళు నొచ్చి అమ్మాయి బల్లవద్దకు మరలి వచ్చితిమి. ఆమె ఇడ్లీ తినుటకు పోవలెనని మమ్ము తన కుర్చీలో కూర్చుండబెట్టెను. అప్పటివఱకు ఆమె పుస్తకమును మేము తెఱచి చూడలేదు. ఇంతకుముందు ఆమె జపాను వీరుల కథలకు అనుసరణలు వేయుచుండెడిది. ఇదియు నట్టిదే యనుకొంటిమి. ఇప్పుడు చేతికి దీసికొనగా అట్టపై జపాను అక్షరముల క్రింద మన అక్షరములు కనబడెను: 'అమ్మమ్మ పుస్తకము'.

ఇచ్చట మా తప్పు నొకదానిని చెప్పుకొనక తప్పదు. మా అమ్మకు లావుపాటి నోటు పుస్తక మొకటి యుండెడిది. అందు మంగళహారతులు, అప్పగింతల పాటలు, ఆవకాయ మాగాయల కొలతలు, చుక్కలు లెక్కపెట్టి వేసిన ముగ్గులు పెన్సిలుతో వ్రాసికొనెడిది. అమ్మ పోయిన పిమ్మట ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు పాత కాగితముల కట్టలన్నియు పాతకాగితముల వానికి తూకమునకు వేసితిమి. ఆ పుస్తకము ఆ కట్టలలో పోయినదని నెల తరువాత గాని తెలియలేదు. అక్కయ్య మమ్మేమియు అనలేదు. అనకపోవుటయే బరువుగా నుండెడిది. నాడు ఈ అమ్మాయికి పండ్రెండేండ్లు.

ఆ పుస్తకమును ఆమె జ్ఞాపకమునుండి మరల వేసినది. 28 పుటలు. మామిడికాయ కొట్టు కత్తిపీట, ఎండలో ఆరబెట్టిన ముక్కలు, వాసెన కట్టిన జాడీ, అమ్మ చేతి గాజులు, తులసికోట ముందటి ముగ్గు. జపాను మాటలు మాకు రావు; బొమ్మలకు మాటలు అక్కరలేకపోయెను. కడపటి పుటలో తక్కెడ పట్టుకొన్న పాతకాగితముల వాడును, కట్టను అందించుచున్న స్త్రీయు నుండిరి. ఆ స్త్రీని వెనుకనుండి చిత్రించినది. ముఖము లేదు. కాని ఆ చీర అంచు మాకు తెలియును.

తినివచ్చిన అమ్మాయి మా చేతిలో తెఱచియున్న పుటను చూచి, ఏమియు అనక ప్రక్కన కూర్చుండెను. కొంతసేపటికి, "నేను గూడ ఆ దినము అచ్చటనే యుంటిని, పిన్నీ. ఆ పుస్తకము తీసి దాచవచ్చును. ఆటకు పోయితిని" అనెను.

అంతలో అరువదియేండ్లు దాటిన జపాను స్త్రీ యొకతె వచ్చి, తలవంచి, పుస్తకమును చేతికి దీసికొని నిదానముగా పుటలు త్రిప్పెను. ముగ్గుల పుటవద్ద చాలసేపు నిలిచెను. పిమ్మట ఏదో అడిగెను. ఈ అమ్మమ్మ పుస్తకము ఇంకను మీ యింట ఉన్నదా యని అడుగుచున్నదట. అమ్మాయి మా వంక చూచెను. "లేదు, మేమే తూకమునకు అమ్మివేసితిమని చెప్పుము" అంటిమి. అమ్మాయి చెప్పెను. ఆమె ఒక ప్రతికి 500 యెన్లు పెట్టి, మఱి కొంచెము ఆలోచించి, ఇంకొక నాణెము పెట్టి రెండవ ప్రతిని గూడ దీసికొని, మా యిద్దఱికిని నమస్కరించి జనములో గలిసిపోయెను.

సాయంకాలము నాలుగు గంటలకు ముగింపు ప్రకటనము వినబడెను. మరల అందఱును చప్పట్లు కొట్టిరి. ఈసారి మేమును కొట్టితిమి. వేయించిన 50 ప్రతులలో 31 పోయినవి. 15,500 యెన్లు వచ్చెను. అచ్చుకూలి, బల్లరుసుము కలిపి చూడగా ఖర్చులో సగమైనను రాలేదు. మా వారు లెక్క చెప్పి పెదవి విఱిచిరి గాని, ఆయన సంచిలో రైళ్ళ పుస్తకములు ఏడు కనబడుటచే అమ్మాయి ఆయనను గెలిచినది. చుట్టును చాలమంది లెక్క ఇట్లే యుండునట. ఈ వ్యాపారమున లాభము గడించువారు కొలదిమంది. అయినను వచ్చువేసవికి దరఖాస్తు పెట్టుకొనుచునే యుందురు.

మానుమని అక్కయ్యకు బదులుగా మేము చెప్పవలసిన మాట చెప్పలేదు. ఇంటికి వచ్చి మిగిలిన 19 ప్రతులలో రెండింటిని పెట్టెలో చీరల నడుమ పెట్టుకొంటిమి. సోదరీమణులారా! మీ యిండ్లలో అటకలమీద, పెట్టెల అడుగున ఇట్టి పుస్తకము లుండును. కాగితము పసుపుబాఱి, నూనె మరకలు పడి, చూచుటకు తూకమున వేయదగినట్లే యుండును. కట్ట కట్టుటకు ముందు ఒక్కమాఱు విప్పి చూడుడు.

స్వదేశము చేరిన మఱునాడు అక్కయ్య చేతిలో ఒక ప్రతి పెట్టితిమి. ఆమె కండ్లజోడు పెట్టుకొని మొదటినుండి చివఱవఱకు చూచెను. కడపటి పుట చూచి మరల మొదటికి పోయెను. మేము మాటలకై ఎదురుచూచుచుంటిమి. చాలసేపటికి ఆవకాయ పుటపై వ్రేలు పెట్టి, జాడీ ప్రక్క బొమ్మగా వేసిన సోలను చూపి, "ఇది తప్పు. అమ్మ ఉప్పు నిండు సోల పోయదు, పిడికెడు తక్కువ పోయును" అనెను. లేచి పెన్సిలు తెచ్చి, ఆ పుట అంచున తన చేతివ్రాతతో సరియైన కొలత వ్రాసి, రెండవ ముద్రణకు దీనిని పంపుమని మాకే తిరిగి యిచ్చెను.